పెరటి షెడ్డులో పాత జీపు

జహీరాబాదు చుట్టుపట్ల గ్రామములలో చెరకు తోట గట్టుననో, పాత ఇంటి దొడ్డిలో చింతచెట్టు క్రిందనో, గాలిలేని చక్రములతో నిలిచిపోయిన జీపు నొకదానిని చాలమంది చూచియే యుందురు. కోళ్లు దాని సీట్లలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు స్టీరింగు పట్టుకొని నోటితో హారను మ్రోగింతురు. ఇంటి పెద్ద మాత్రము దానిని పాత ఇనుము వర్తకునకు అమ్ముటకు మనసొప్పక, బాగుచేయుటకు దారి తోచక ఏండ్లు గడుపుచుండును. అట్టి జీపును ఇంటి పెరటిలోనే, సామాన్యమైన పనిముట్లతో తిరిగి నడిపింపవచ్చునా? నడిపింపదలచినచో దేనిని పూర్వమువలెనే నిలుపవలెను, దేనిని మార్చవలెను? ఇదియే మా ప్రసంగ విషయము.

నడిపింపవచ్చును. కాని ఆ పనికి పూనుకొనువారిలో నూటికి తొంబదిమంది మొదట ఆలోచించునది ఇంజనును గూర్చి. మేమును అట్లే ఆలోచించితిమి. అది పొరపాటని మాకు తెలియుటకు ఒక చిన్న ప్రమాదము జరుగవలసివచ్చినది. దానిని గూర్చి తరువాత మనవి చేసెదము. ముందుగా ఈ బండి పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనుట మంచిది. ఏలయన ఒక యంత్రమును దేనికొరకు నిర్మించిరో తెలియనిదే, దానిని ఎట్లు మార్చవలెనో తెలియదు.

జీపు యుద్ధకాలపు బిడ్డ. తేలికగా నుండి, నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందునట్టి బండి కావలెనని అమెరికా సైన్యము 1940లో కోరగా, బాంటమ్ అను చిన్న కంపెనీ ఆ సంవత్సరము సెప్టెంబరులో మొదటి నమూనాను తయారుచేసి యిచ్చినది. పిమ్మట విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియునప్పటికి ఆరు లక్షలకు పైగా బండ్లను నిర్మించినవి. మన దేశమున 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరుతో ఆరంభమైన సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారి, మరుసటి యేట బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపులను విడిభాగములనుండి కూర్చుట మొదలిడినది. 1953లో విల్లీస్ కంపెనీ సీజే-3బి అను నమూనాను వెలువరించినది. ఇందలి క్రొత్త ఇంజను మునుపటిదానికన్న ఎత్తైనది గనుక, దానిని కప్పుటకు బానెట్టును గూడ ఎత్తుగా చేసిరి. మన పల్లెలలో కనబడు పాత జీపులలో పెక్కు ఈ ఎత్తు బానెట్టు జాతివే.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైన పిదప మన గ్రామములకు జీపు సుపరిచితమైనది. బ్లాకు అధికారి వచ్చినాడనుటకు గుర్తు దారిలో లేచిన దుమ్ము. ప్రభుత్వపు సేవ ముగిసిన బండ్లు వేలములలో రైతుల చేతికి వచ్చినవి. కూలీలను పొలమునకు, ఎరువుల బస్తాలను గట్టుమీదికి, పురిటి నొప్పుల తల్లిని రాత్రివేళ ఆసుపత్రికి చేర్చినవి అవియే.

జహీరాబాదునకు మోటారు పరిశ్రమతో వేరొక చుట్టరికము గూడ కలదు. హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన నిస్సాన్ కంపెనీ సహకారముతో తేలిక లారీలను తయారుచేయుటకు 1980 తరువాతి సంవత్సరములలో ఇక్కడ కర్మాగారమును నెలకొల్పినది. అది తరువాత మహీంద్రా వారి చేతికి వచ్చినది; 2013 నుండి అక్కడ ట్రాక్టర్లు గూడ తయారగుచున్నవి. మనము చెప్పుకొనుచున్న జీపులు ఆ కర్మాగారముకన్న వయసులో పెద్దవి. ఐనను పూనా నుండి మచిలీపట్నము పోవు జాతీయ రహదారి మీది ఊరగుటచేత, లేతు మిషను పనివారికి, వెల్డింగు పనివారికి, లారీల మరమ్మతులో చేయి తిరిగిన మిస్త్రీలకు ఇక్కడ కొదువ లేదు. పెరటిలో పని చేసికొనువానికి ఇంతకు మించిన ధైర్యము లేదు. మనము విప్పగలిగినది మనము విప్పి, మన చేత కానిదానిని చంకలో పెట్టుకొని వారియొద్దకు పోవచ్చును.

పని మొదలిడుటకు ముందు ఒక నిశ్చయము చేసికొనవలెను. పాతదానిని పూర్వ రూపమునకు తెచ్చుట ఒక పని. పాతదానిని నేటి అవసరమునకు తగినట్లు మెరుగుపరచుట మరొక పని. రెండును ఒక్కటే యనుకొని మొదలిడినవాడు సగములో రెంటికిని చెడును. చట్టము గూడ ఈ రెంటిని వేరుగా చూచుచున్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, యాభై ఏండ్లు దాటి, అసలు రూపమును నిలుపుకొని, పెద్ద మార్పులు పొందని వ్యక్తిగత వాహనమును ప్రాచీన వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. నంబరులో వి.ఏ. అను అక్షరములు వచ్చును. ఆ నియమములు నిర్ణయించిన రుసుము 20,000 రూపాయలు. నమోదు పదియేండ్లు చెల్లును. కాని అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనుటకు వంటి పనులకే రోడ్డుపైకి తేవలెను. నిత్యము తిరుగుటకుగాని, బాడుగకుగాని అది పనికిరాదు.

నిత్యము వాడదలచినవారు సాధారణమైన నమోదునే నిలుపుకొనవలెను. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్ల కొకసారి తనిఖీ చేయించి నమోదును పొడిగించుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుట నిషిద్ధము. ఇంజను మార్పు వంటివానికి ముందుగా అనుమతి పొంది, పత్రములో వ్రాయించుకొనవలెను. అందుచేత నట్టు విప్పక మునుపే రవాణా కార్యాలయమునకు పోయి విచారించుట తెలివైన పని. పత్రము లేని జీపునకు ఎంత వన్నె తెచ్చినను అది పెరటి అలంకారమే యగును.

మా జీపు పొలమునకును, సంతకును పోవలసిన బండి. కావున రూపమును, ఇంజనును, గేరుబాక్సును పూర్వమువలెనే యుంచి, ప్రాణరక్షణకు సంబంధించినవానిని మాత్రము మెరుగుపరచవలెనని నిశ్చయించుకొంటిమి.

షెడ్డు అనగా గొప్ప కట్టడ మక్కరలేదు. పైన రేకు, క్రింద గట్టి చదును నేల, గాలి వెలుతురు, ఒక బలమైన బల్ల, రెండు జాకీలు, వానికంటె ముఖ్యముగా నాలుగు గట్టి స్టాండ్లు, చక్రముల క్రింద పెట్టుటకు కొయ్య దిమ్మెలు. పానాల విషయములో ఒక మాట. పాత జీపు నట్లు, బోల్టులు అంగుళముల లెక్కవి. నేడు అంగళ్లలో దొరకునవి చాలవరకు మిల్లీమీటర్లవి. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా సరిపోయినట్లే యుండును. బలము పెట్టినప్పుడు జారి నట్టు మూలలను నమిలివేయును. రంధ్రములో మిల్లీమీటరు బోల్టును బలవంతముగా త్రిప్పినచో మర శాశ్వతముగా చెడును. మరియు పాత విల్లీస్ జాతి బండ్లలో ఎడమవైపు చక్రముల నట్లకు ఎడమ మర యుండును. అవి మామూలు దిశకు ఎదురు దిశలో త్రిప్పిననే ఊడును. ఈ సంగతి తెలియక పొడవైన గొట్టము తగిలించి త్రిప్పి స్టడ్డులు విరుగగొట్టినవారు కలరు.

విప్పునప్పుడు ప్రతి భాగమునకు ఫోటో తీయుడు. ఏ భాగపు బోల్టులను ఆ భాగము పేరు వ్రాసిన డబ్బాలో వేయుడు. విప్పుటకు వారము పట్టిన బండిని బిగించుటకు ఆరు నెలలు పట్టవచ్చును. ఆరు నెలల తరువాత మన జ్ఞాపకము మనకు సాయపడదు.

ఇప్పుడు మా తప్పును మనవి చేసెదము. మా పెరడు బావి వైపునకు కొంచెము వాలుగా నుండును. ఒకనాడు వెనుక కుడి చక్రమును విప్పుటకై జాకీతో పైకెత్తితిమి. హ్యాండుబ్రేకు గట్టిగా లాగి యున్నది గదా యని చక్రములకు దిమ్మెలు పెట్టలేదు. మా తమ్ముడు బండి క్రింద వెల్లకిల పరుండి బ్రేకు గొట్టమును విప్పుచుండెను. ఇంటిలోనుండి అన్నమునకు పిలుపు రాగా లేచి వెలుపలికి వచ్చెను. అతడు చేతులు తుడుచుకొనుచుండగానే జీపు మెల్లగా కదలి, జాకీ వాలి, బండి వెనుక భాగము నేలకు కూలినది. అరనిమిషము ముందు అతని రొమ్ము ఉన్న చోట ఇరుసు ఆనియున్నది. ఆ పూట మా యింట ఎవరికిని అన్నము సహింపలేదు.

హ్యాండుబ్రేకు లాగియుండగా బండి ఎట్లు కదలినది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో జీపు నిర్మాణములో సగము తెలిసినట్లే. నేటి కార్లలో హ్యాండుబ్రేకు సాధారణముగా వెనుక చక్రములను పట్టును. పాత జీపులో అది చక్రములను పట్టదు. గేరుబాక్సు వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు నుండి వెనుక ఇరుసునకు పోవు పొడవైన షాఫ్టునకు ఒక చిన్న డ్రమ్ము ఉన్నది. హ్యాండుబ్రేకు పట్టునది ఆ డ్రమ్మునే. షాఫ్టు ఆగినది సరే. కాని షాఫ్టునకును చక్రములకును నడుమ డిఫరెన్షియలు అను పళ్లచక్రముల కూర్పు కలదు. మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను గనుక, రెండు చక్రములును వేరువేరు వేగములతో తిరుగుటకు ఆ కూర్పు వీలు కలిగించును. షాఫ్టు కదలకుండ నున్నప్పుడు ఒక చక్రము ముందునకు తిరిగినచో రెండవది అంతే వెనుకకు తిరుగును. రెండు చక్రములును నేలమీద నున్నంతకాలము ఇది సాధ్యము కాదు. ఒకదానిని పైకెత్తితిమా, అది గాలిలో వెనుకకు తిరుగును, నేలమీదిది ముందునకు దొరలును. బండిని గేరులో నుంచినను ఫలితమిదే. ఆనాటినుండి మా షెడ్డులో దిమ్మెలు పెట్టనిదే జాకీ ముట్టము. స్టాండ్లపై నిలుపనిదే ఎవరును బండి క్రిందికి పోరు.

ఈ సంగతి విని మా ఊరి వృద్ధ మిస్త్రీ యొకరు మమ్ములను చూడవచ్చిరి. అందరును ఆయనను ఉస్తాదు అని పిలుతురు. మేము డీజిలు ఇంజను ధరలు వ్రాసికొన్న కాగితమును చూచి ఆయన నవ్వి, "సారూ, బండి ఉరుకుడు తర్వాత సంగతి. ముందుగాల ఆగుడు చూడుండ్రి" అనిరి. మా పని క్రమమంతయు ఆ మాటతో తలక్రిందులైనది.

ఉస్తాదు మాటకు లెక్కలో ఆధారమున్నది. కదలు బండిలోని శక్తి వేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు జీపును 70 కిలోమీటర్ల వేగమునకు పెంచినచో, బ్రేకులు వేడిగా మార్చి వెదజల్లవలసిన శక్తి దాదాపు రెట్టింపగును. బలమైన ఇంజను పెట్టి పాత బ్రేకులను అట్లే యుంచుట, ఎద్దులకు బదులు గుఱ్ఱములను కట్టి పగ్గములను తీసివేయుట వంటిది.

పాత జీపు బ్రేకుల నిర్మాణము సులభమైనది. కాలితో పెడలును నొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టముల ద్వారా నాలుగు చక్రములలోని చిన్న సిలిండర్లను చేరి, బ్రేకు షూలను డ్రమ్మునకు ఒత్తును. ఇందలి ప్రమాద మేమనగా, నాలుగు చక్రములకును దారి ఒక్కటే. ఏ ఒక్క గొట్టము పగిలినను ద్రవమంతయు అక్కడనుండి పోవును. పెడలు నేలకు తగులును. నాలుగు చక్రములలో ఒక్కటియు ఆగదు. తుప్పు పట్టిన గొట్టములు ఇట్లు ఎప్పుడు పగులునో చెప్పలేము. నేటి బండ్లలో మాస్టరు సిలిండరు రెండు గదులుగా నుండి, ఒకటి ముందు చక్రములకును, మరొకటి వెనుక చక్రములకును లేక ఇట్టి మరొక విభజనతోను ద్రవమును పంపును. ఒక భాగము విఫలమైనను రెండవది బండిని, కొంత ఆలస్యముగానైనను, ఆపును. పాత జీపునకు చేయదగిన మెరుగులలో మొట్టమొదటిది ఇదియే యని మా అభిప్రాయము. గొట్టములన్నియు క్రొత్తవి వేయవలెను. రబ్బరు గొట్టములు పైకి బాగున్నట్లు కనబడినను మార్చవలెను. డ్రమ్ములను లేతుపై సాపు చేయించి, లోపలి వ్యాసము అనుమతించిన హద్దు దాటినచో పారవేయవలెను.

పాత బ్రేకు షూల పైపూతలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ప్రాణాంతకము. గొట్టముతో గాలి కొట్టి డ్రమ్మును శుభ్రపరచుట మన షెడ్లలో అలవాటు, దానిని మానవలెను. నీటితో తడిపి, తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో కట్టి పారవేయుడు. బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చు గుణమున్నది. తేమ చేరిన ద్రవము వేడికి ఆవిరి బుడగలుగా మారి పెడలును మెత్తబరచును; లోపల తుప్పునకు గూడ కారణమగును. రెండేండ్ల కొకసారి ద్రవమును మార్చుట మేలు. గాలి తీయునప్పుడు మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరముననున్న చక్రముతో మొదలిడి దగ్గరకు రావలెను.

ఆగుట తరువాత చూచుట. తొలినాటి జీపులలో విద్యుత్తు 6 ఓల్టులది. దీపములు మిణుగురులవలె వెలుగును. దీనిని 12 ఓల్టులకు మార్చుటలో లాభమేమో ఒక చిన్న లెక్కతో తెలియును. 60 వాట్ల దీపమునకు 6 ఓల్టులలో 10 ఆంపియర్లు కావలెను. 12 ఓల్టులలో 5 ఆంపియర్లు చాలును. తీగలో వేడిగా పోవు నష్టము ఆంపియర్ల వర్గమును బట్టి యుండును గనుక, అదే తీగలో నష్టము నాల్గవ వంతునకు తగ్గును. దీపమునకు చేరు వెలుగు పెరుగును. తీగ కాలు భయము తగ్గును. బల్బులు, ఇగ్నిషను కాయిలు మొదలైనవానిని గూడ వెంట మార్చవలెను. పాత డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టినచో, ఇంజను మెల్లగా తిరుగునప్పుడు గూడ బ్యాటరీ నిండును. డైనమో అట్లు నింపజాలదు. ఎలుకలు కొరికిన పాత తీగలను అతుకు వేయక, అన్నిటిని క్రొత్తగా లాగి, ప్రతి దారికి ఫ్యూజు పెట్టుడు. పాత బండ్లు అగ్నికి ఆహుతియగుటకు అతుకు తీగలును, కారు పెట్రోలును కలియుట యొక ముఖ్య కారణము.

పెట్రోలు మాట వచ్చినది గనుక మరొక సంగతి. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 వంతుల ఇథనాలు కలుపుట జరిగినది. ఈ జీపులు పుట్టిననాడు ఇట్టి పెట్రోలు లేదు. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరచును, తేమను పీల్చును, ట్యాంకులో దశాబ్దముల తరబడి పేరుకొన్న మడ్డిని కదలించి కార్బ్యురేటరులోనికి తెచ్చును. అందుచేత ట్యాంకును కడిగించి, ఇథనాలునకు తట్టుకొను గొట్టములు, పెట్రోలు పంపునకు తగిన క్రొత్త డయాఫ్రము, మార్గమధ్యమున ఒక వడపోత అమర్చవలెను. ట్యాంకునకు రంధ్రమున్నదని ఇంటిలో వెల్డింగు చేయబూనకుడు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకులోని పెట్రోలుకన్న అపాయకరము.

ఇప్పటికిగాని ఇంజను వంతు రాలేదు. సీజే-3బి ఇంజను నాలుగు సిలిండర్లది, సుమారు 2.2 లీటర్ల పరిమాణము. లోనికి పీల్చు వాల్వులు పైన హెడ్డులోను, పొగ విడుచు వాల్వులు ప్రక్కన బ్లాకులోను ఉండుట దీని విశేషము. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును ఒక్కసారిగా స్టార్టరుతో త్రిప్పరాదు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరులో కొంచెము నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేతితో త్రిప్పి చూడవలెను. సులభముగా తిరిగినచో పాత ఆయిలు తీసి క్రొత్తది పోసి, ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని గేజితో కొలువవలెను. నాలుగును ఇంచుమించు సమానముగా నున్నచో ఇంజను విప్పవలసిన అగత్యము లేకపోవచ్చును. ఒకటి తగ్గినచో దానిలో చెంచాడు నూనె పోసి మరల కొలువుడు. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు సరిగా మూయుటలేదు. ఈ చిన్న పరీక్ష వేల రూపాయల వృథా వ్యయమును తప్పించును. ప్లగ్గు తీగలను 1-3-4-2 వరుసలో తగిలింపవలెను. వరుస తప్పినచో ఇంజను దగ్గి తన్నునేగాని నడువదు.

డీజిలు ఇంజను పెట్టుట మన ప్రాంతమున ప్రబలమైన కోరిక. మహీంద్రా వారే తరువాతి కాలపు జీపులలో ప్యూజో జాతి 2.1 లీటర్ల డీజిలు ఇంజనును వాడిరి. ఖర్చు తగ్గుట నిజమే. కాని బరువు, అదురు, చట్రముపై భారము, అనుమతి పత్రములు, అన్నిటికంటె ముఖ్యముగా బ్రేకుల బలము, ఇవన్నియు లెక్కకు తీసికొనవలెను. నెలకు నాలుగు మారులు పొలమునకు పోవు బండిలో ఆదా యగు నూనె, మార్పిడి ఖర్చును ఎన్నటికి తీర్చునో కాగితముపై వేసి చూచినచో, చాలమంది పాత ఇంజనుతోనే తృప్తిపడుదురు. మేము అట్లే తృప్తిపడితిమి.

ఈ బండిని పెద్ద రోడ్డుపై పరుగెత్తింపవలెననుకొనువారికి ఒక లెక్క చెప్పవలెను. ఇందలి ఇరుసులో ఇంజను వైపు షాఫ్టు 5.38 సార్లు తిరిగినప్పుడు చక్రము ఒక్కసారి తిరుగును. పై గేరులో గంటకు 80 కిలోమీటర్ల వేగమునకు ఇంజను నిమిషమునకు మూడువేల సార్లకు పైగా తిరుగవలెను. బండి అరచును, అదరును, స్టీరింగు చేతిలో ఊగును. అది దోషము కాదు; దాని స్వభావము. అదే బండిని మొదటి గేరులో, ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ నిష్పత్తిలో పెట్టినచో ఇంజను సుమారు 37 సార్లు తిరుగగా చక్రము ఒక్కసారి తిరుగును. వేగము మనిషి నడకకు దిగును. లాగు బలము అన్ని రెట్లు పెరుగును. శ్రావణమాసపు నల్లరేగడి బురదలోనుండి బండి బయటపడుట ఈ నిష్పత్తి చలువయే.

నాలుగు చక్రముల శక్తిని గూర్చి ఒక హెచ్చరిక. వెనుక ఇరుసులోవలెనే ముందు ఇరుసులోను డిఫరెన్షియలు ఉన్నది. కాని ముందు వెనుక ఇరుసుల నడుమ అట్టిది లేదు. నాలుగు చక్రముల లీవరు వేసిన క్షణమున రెండు షాఫ్టులును కలిసి తిరుగవలెను. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకన్న ఎక్కువ దూరము పోవును. బురదలో, ఇసుకలో చక్రము కొంచెము జారి ఆ తేడాను సరిపెట్టును. ఎండిన తారురోడ్డుపై జారుటకు వీలు లేక, ఆ తేడా పళ్లచక్రములలో మెలిగా బిగియును, లీవరు ఊడిరాదు, చివరకు బలహీనమైన భాగము విరుగును. ముందు క్రొత్త టైర్లు, వెనుక అరిగిన టైర్లు వేసినచో తిన్నని దారిలో గూడ ఇదే జరుగును. కావున నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఒకే అరుగుదలవి కావలెను. తారురోడ్డుపై ఆ లీవరును ముట్టరాదు. గేరుబాక్సు నూనె విషయములో గూడ జాగ్రత్త అవసరము. ఇందలి కొన్ని భాగములు ఇత్తడి, కంచు జాతివి. కొన్ని నూతన గేరు నూనెలలోని మందులు వానిని తినివేయును. జీఎల్-4 తరగతి నూనె అడిగి తీసికొనుడు, జీఎల్-5 వలదు.

తుప్పు, రంగు సంగతి క్లుప్తముగా చెప్పి ముగింతుము. జీపు శరీరము మందమైన రేకు. పైన కనబడు తుప్పునకన్న నేలరేకు క్రింది దూలములలో, నీరు నిలుచు మూలలలో దాగిన తుప్పు అపాయకరము. సుత్తి కొసతో తట్టి చూడుడు. ఖంగుమన్నచో ఇనుము, చప్పగా పలికినచో తుప్పు. చెడిన రేకును కోసి క్రొత్తది అతికింపవలెనుగాని, పుట్టీతో పూడ్చరాదు. రెడ్ ఆక్సైడు పూతకు ముందు ఇనుము తెల్లబడునట్లు గీకవలెను. రంగు మీ యిష్టము. నీరు పోవు రంధ్రములను మాత్రము రంగుతో మూయకుడు.

తీసివేసిన పాత భాగములను, మా ఒంటిగది మాస్టరు సిలిండరును, డైనమోను, 6 ఓల్టుల హారనును, గ్రీజు పూసి, గోనెపట్టలో చుట్టి, పేర్లు వ్రాసి, అటకపై భద్రపరచితిమి. రేపు మా పిల్లలలో ఎవరైనను ఈ బండిని పూర్వ రూపములోనే చూడగోరినచో వారికి ఆ దారి మూసివేయు హక్కు మాకు లేదు. అందుచేతనే క్రొత్త మాస్టరు సిలిండరును అమర్చుటలో చట్రమునకు క్రొత్త రంధ్రము ఒక్కటియు వేయలేదు; పాత రంధ్రములకు సరిపడు పలకను లేతు షెడ్డులో చేయించితిమి.

పని ముగిసిన దినమున ఉస్తాదును పిలిచితిమి. ఆయన ఇంజను శబ్దమును ఆలకింపలేదు, రంగును మెచ్చుకొనలేదు. సీటులో కూర్చుండి, బండి నిలిచియుండగానే బ్రేకు పెడలును గట్టిగా త్రొక్కి, నిమిషముసేపు కాలు తీయక అట్లే పట్టియుంచిరి. పెడలు దిగలేదు. అప్పుడు దిగి మా తమ్మునివైపు చూచి, "ఇగ నడుపు బిడ్డా" అనిరి. మా తమ్ముడు దిమ్మెలను తీసి లోపల పెట్టుకొని, బావి ప్రక్కగా వాలు దిగి, గేటు వద్ద ఒకసారి ఆపి చూచుకొని, పొలము దారి పట్టెను.